చూసిందెవరు?

చొక్కా చేతిమడత దగ్గరికొచ్చేసరికి రాగ్నా ఇస్త్రీపెట్టెను గాల్లో ఆపి, "ఎవరు?" అంది.

గోడకు వీపు ఆనించి గుక్క తిప్పుకోకుండా ఉపన్యాసం అప్పజెబుతున్న కూతురు తిరిల్ ఆగిపోయింది. ఎవరేంటి అని అడిగింది.

"ఇప్పుడే అన్నావుగా, గూట్లో పరాయి గుడ్డు గుర్తించబడింది అని. ఎవరు గుర్తించారు?"

"పక్షి."

"మరి పక్షి గుర్తుపట్టింది అనొచ్చుగా. గుర్తించబడింది అంటే పోలీసులు వచ్చి వెళ్ళినట్టుంది."

తిరిల్‌కు నవ్వూ విసుగూ ఒక్కసారే వచ్చాయి. శాస్త్రంలో అలాగే చెబుతారంది. ఏం జరిగిందన్నదే అక్కడ లెక్క, ఎవరు చేశారన్నది కాదంది. రాగ్నా సరేలే అని ఇస్త్రీపెట్టె దించింది. ఆవిరి బుస్సుమని లేచింది. అక్కడ తమ దీవిలోని వృద్ధాశ్రమంలో కూడా ఆమె పని ఇదే: ముసలివాళ్ళ దుప్పట్లు, రాత్రి చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేయడం. ఏ మడత ఎక్కడ మొదలుపెట్టాలో చేతులకే తెలుసు కాబట్టి, తలకాయ భయపడుతూ కూర్చోవడానికి బోలెడంత తీరిక ఉంటుంది.

ఈ వారం ఆ తలకాయకు చేతినిండా పని. శుక్రవారం తిరిల్ డాక్టరేట్ పరీక్ష. పొద్దున ఉపన్యాసం, మధ్యాహ్నం వాదన. ఉపన్యాసానికి విషయం కమిటీ ఇస్తుంది, అదీ రెండు వారాల ముందు మాత్రమే. తిరిల్ నాలుగేళ్ళు చేపల మీద పనిచేస్తే, పరాయి గుడ్లు పొదిగే పక్షుల గురించి చెప్పమన్నారు. ఆ మాట ఫోన్లో వినగానే రాగ్నా మొదలుపెట్టింది. చేపల పిల్లకు పక్షుల్ని ఇచ్చారంటే ముంచేయాలనే కదా అంది. కాదమ్మా, కొత్త సంగతి నేర్చుకుని నలుగురికీ అర్థమయ్యేట్టు చెప్పగలనో లేదో చూస్తారు, అంతే అని తిరిల్ ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు. నాలుగు రోజులు సెలవు పెట్టి, ఇస్త్రీపెట్టె సంచిలో పెట్టుకుని, పడవెక్కి పట్నం వచ్చేసింది. పట్నంలో ఇస్త్రీపెట్టెలు దొరకవా అని తిరిల్ అడిగితే, దొరుకుతాయేమో గానీ వాటి సంగతి నాకు తెలియదు కదా అంది.

పిల్ల మాత్రం వెలిగిపోతోంది. ఈ రెండు వారాల్లో ఆమెకు పక్షుల పిచ్చి పట్టుకుంది. పళ్ళు తోముకుంటూ నోటినిండా నురగతో కోకిల సంగతులు చెప్పింది. కోకిల గుడ్డు మీది చుక్కలు ఆ గూడు కట్టుకున్న పక్షి గుడ్డు చుక్కలతో ఎలా సరిపోతాయో చెప్పడానికి పాన్‌కేక్ మీద జామ్‌తో చుక్కలు పెట్టి చూపించింది. చెబుతూ చెబుతూ వంటిల్లంతా తిరుగుతుంది, చేతులు రెక్కలైపోతాయి. రాగ్నాకు ఆ చేతుల్ని చూస్తే ముచ్చటేసేది. మరుక్షణమే, శుక్రవారం ఇలాగే చేతులు ఊపుతుంటే మంచినీళ్ళ గ్లాసుకు తగిలి అది కంప్యూటర్ మీద పడితే? అని భయం పట్టుకునేది.

"మళ్ళీ మొదట్నించి చెప్పు. ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని" అంది.

తిరిల్ చేతులు వెనక్కి కట్టుకుని చెప్పింది. అసలు బాగోలేదు. రాగ్నా ఇంకో చొక్కా అందుకుని, సరే విప్పెయ్ అంది.

బుధవారం పొద్దున కాఫీ దగ్గర రాగ్నాకు అసలు సందేహం వచ్చింది. నిన్ను పాస్ చేసేదెవరు, తప్పించేదెవరు, ఆ పెద్దాఫీసులో ఎవరి మాట చెల్లుతుంది అని అడిగింది. ఎన్నిసార్లు చెప్పినా ఆమె బుర్రలో ఆ విశ్వవిద్యాలయం ఒక పెద్ద ఆసుపత్రిలాగే ఉండేది: పొడుగాటి వరండాలు, మూసిన తలుపులు, లోపల ఏం కోస్తున్నారో బయటివాళ్ళకు తెలియదు.

తిరిల్ బల్ల మీది సామానంతా దగ్గరికి లాక్కుంది. పెద్ద పళ్ళెం పెట్టి ఇది ఫాకల్టీ అంది. దాని మీద సాసర్ పెట్టి ఇది మా డిపార్ట్‌మెంట్ అంది. సాసర్‌లో కప్పు, గైడు. పక్కన పాలగిన్నె, రెండో గైడు. ఒక్క గైడే ఉంటే పిల్లల బతుకు ఒక్క చేతిలో చిక్కుకుంటుందని ఇద్దర్ని పెడతారట. ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా తెచ్చి పళ్ళేనికి దూరంగా, బల్ల చివర పెట్టింది. వీళ్ళు ప్రతివాదులు. ఒకాయన డెన్మార్క్ నుంచి, ఒకామె స్వీడన్ నుంచి. బయటివాళ్ళే అయ్యుండాలి, మొహమాటం లేకుండా అడగాలి కదా. వెన్న గిన్నె కమిటీలో మూడో మనిషి, ఇక్కడివాడే, వాళ్ళ మధ్య పనులు చక్కబెడతాడు. చెంచా డీన్, సభ నడిపేది ఆవిడే.

"ప్రతివాదులా? కోర్టు కాదు కదే ఇది."

"పేరే అంతమ్మా. గట్టిగా అడగడం వాళ్ళ పని. గట్టిగా చెప్పడం నా పని."

"మరి పీహెచ్‌డీ ఆఫీసు అంటావే, అదేది?"

తిరిల్ బల్లమీది గుడ్డను వేలితో తట్టింది. అన్నీ దీని మీదే నిలబడతాయి, ఎవరూ దీన్ని చూడరు అంది. కోర్సులు, క్లాసులు చెప్పాల్సిన ఏడాది, మధ్యలో జరిగే పరీక్ష, గడువులు, అన్నీ ఆ గుడ్డ మీద గీతలేనట.

"ఇంతకీ నువ్వెక్కడ?"

తిరిల్ తన రొట్టె అంచు నుంచి ఒక పొడిముక్క తుంచి సాసర్ పక్కన పెట్టింది. రాగ్నాకు అది నచ్చలేదు. ఆ ముక్కను వేలికొసతో తీసి పళ్ళెం మధ్యలో పెట్టింది. తర్వాత బల్లంతా ఒకసారి కలయజూసి, మరి ఆ పాత కప్పేదీ అంది.

తిరిల్ లేచి తన కాఫీకప్పు కడిగి బోర్లించింది. ఆ పాత కప్పు మునుపటి గైడు ప్రొఫెసర్ హాల్వర్ బ్రెక్కె అని ఇద్దరికీ తెలుసు.

తిరిల్ పనంతా ఉండచేప మీద. ఉండలా గుండ్రంగా ఉండి, పొట్టతో రాయిని కరుచుకుని కూర్చునే చేప అది. గుడ్లు పెట్టేసి ఆడచేప వెళ్ళిపోతుంది. మగచేప తిండి మానేసి వారాల తరబడి ఆ గుడ్లమీద నీళ్ళూదుతూ కాపలా కాస్తుంది. రాగ్నా వాళ్ళ ఇంటి ముందు రేవు రాళ్ళలోనే బోలెడన్ని. మూడు వసంతాలు తిరిల్ అక్కడే చూసింది, తెల్లవారుజామున ఆటుకు నీళ్ళు బాగా వెనక్కి తీసినప్పుడు, రేవు చెక్కల మీద బోర్లా పడుకుని, అడుగున గాజు బిగించిన రేకు డబ్బా నీళ్ళలో ముంచి అందులోంచి. నడుము దాకా ఒళ్ళు నీళ్ళ మీదికి వేలాడుతుంటే రాగ్నా చూడలేకపోయేది. మంచుపట్టిన చెక్కల మీద చతికిలబడి, కూతురి రెండు చీలమండలూ రెండు చేతుల్తో పట్టుకుని కళ్ళు మూసుకునేది. చలికి వేళ్ళు కొయ్యబారినా వదిలేది కాదు.

మొదటి వసంతంలోనే ఒకరోజు తిరిల్ నీళ్ళలోకి కేకేసింది. ముందురోజు నీటికుక్క ఒక మగచేపను ఎత్తుకుపోయింది. పక్కరాయి చేప తన గుడ్లు చూసుకుంటూనే, మధ్యమధ్యలో ఈదుకుంటూ వచ్చి ఆ దిక్కులేని గుడ్ల మీద కూడా నీళ్ళూదుతోంది. ఆ వేసవిలో బ్రెక్కె ఒక్కసారి దీవికి వచ్చాడు. రేవు దగ్గర ఎండలో కూర్చుని రాగ్నా చేసిన వాఫుల్స్ తిన్నాడు, తిరిల్ చెప్పిందంతా విన్నాడు, చాలా బాగుందన్నాడు. ఆ తర్వాత ఆయన ఒక్కడి పేరు మీద వ్యాసం వచ్చింది. అందులో ఆ చేప సంగతి 'గమనించబడింది'. చివరి వాక్యంలో తీరం దగ్గర సాయపడినందుకు తిరిల్‌కు కృతజ్ఞతలు.

తిరిల్ వెళ్ళి చెబితే పీహెచ్‌డీ ఆఫీసులో మర్యాదగానే విన్నారు. రాజీకి కూర్చోబెట్టమంటావా, ఫిర్యాదు ఇస్తావా, గైడును మార్చుకుంటావా అని మూడు దారులు చూపించారు. తిరిల్ మార్చుకుంది. మిగతాది డాక్టరేట్ చేతికొచ్చాక చూద్దామంది. ఇప్పుడు ఆమె పరిశోధన పుస్తకంలో మూడో అధ్యాయం ఆ చేపే. అందులోనూ ఆ సంగతి 'గమనించబడింది', పక్కన బ్రెక్కె వ్యాసం పేరు. ముందే అచ్చయిన వ్యాసాన్ని చెప్పకపోతే తప్పు కదా మరి.

"ఆయన శుక్రవారం వస్తాడు" అంది రాగ్నా. "నాకు తెలుసు. ఆ అధ్యాయం నాది అని లేచి అంటాడు."

రారమ్మా అంది తిరిల్. వచ్చినా అడగరంది. సభలోంచి ఎవరైనా ప్రశ్న వేయొచ్చని రూలైతే ఉంది గానీ, విరామంలో డీన్‌కు పేరివ్వాలి, తాను వచ్చిన ఇన్నేళ్ళలో ఒక్కరూ ఇచ్చింది చూడలేదంది.

"నేనెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుంటానే. తల్లిని కదా, కాదనడు."

తిరిల్ గిన్నె తుడవడం ఆపి తిరిగింది. మొహం ఎర్రబడింది.

"నువ్వు ఎవరి కాళ్ళూ పట్టుకోవద్దు."

రాగ్నా రొట్టెముక్క నోట్లో వేసుకుంది. నమిలాక గుర్తొచ్చింది, అది తిరిల్ అని.

గురువారం మధ్యాహ్నం పడవలో రాగ్నా చెల్లెలు యోరున్ దిగింది. ఒక చేత్తో చేపవడల పెట్టె, ఇంకో చేత్తో పలచటి రొట్టెల బుట్ట. పరీక్ష అయ్యాక రాత్రి భోజనం తిరిలే పెట్టాలి, ప్రశ్నలు వేసి ఏడిపించినవాళ్ళకు ముందుగా. ఈ పద్ధతి యోరున్‌కు భలే నచ్చింది. ముందు తన్నించుకుని తర్వాత అన్నం పెట్టడం, అచ్చు మా అత్తారిల్లే అంది. తిరిల్ పకపకా నవ్వింది. రాగ్నా మాత్రం చేపవడల్లో ముళ్ళున్నాయా అని ఒకటి విరిచి చూసింది. డెన్మార్క్ ఆయన గొంతులో ముల్లు గుచ్చుకుంటే ఆ డాక్టరేట్ మళ్ళీ వెనక్కి తీసుకుంటారేమో అని ఆమె భయం.

సాయంత్రం తిరిల్ చదువుకుంటుంటే అక్కచెల్లెళ్ళిద్దరూ హాలు చూసొద్దామని బయల్దేరారు. మెట్లు ఎక్కడున్నాయో, తలుపులు ఎటు తెరుచుకుంటాయో, మంటలొస్తే ఎటు పరిగెత్తాలో ముందే చూసుకుంటే రాగ్నాకు కాస్త నిమ్మళం. హాలు పెద్దదే. కుర్చీల వరసలు మెట్లు మెట్లుగా కిందికి దిగుతున్నాయి, అడుగున నిలబడి మాట్లాడే ఎత్తు బల్లలు రెండు ఎదురెదురుగా. అంత దగ్గరగానా అంది రాగ్నా. కొట్టుకోవాలంటే దూరం ఉండాల్సింది అంది యోరున్.

వెనక్కి వస్తుంటే వరండాలో ఒక పొడుగాటాయన ఎదురయ్యాడు. నెరిసిన గడ్డం, ఊదారంగు స్వెట్టరు. రాగ్నాను చూసి ఆగి, చేయి చాచాడు. రేవు దగ్గర మీరు పెట్టిన వాఫుల్స్ నాకింకా గుర్తేనండీ అన్నాడు బ్రెక్కె. గొంతు ఎంత మెత్తగా ఉందంటే రాగ్నా కూడా చేయి ఇచ్చేసింది. రేపు నేనూ వస్తున్నాను, మూడో అధ్యాయం నాకు చాలా దగ్గరిది అన్నాడు. అమ్మాయి చాలా కష్టపడింది అన్నాడు. వెళ్ళిపోయాడు.

"మంచివాడిలాగే ఉన్నాడే" అంది యోరున్.

"అదేనే నా భయం."

ఆ చేతిని రాగ్నా స్కర్టుకు తుడుచుకుంది. నాకు చాలా దగ్గరిది. ఆ మాటనే నమిలి నమిలి, బయటికొచ్చేసరికి పూర్తిగా నిర్ధారించుకుంది: రేపు లేస్తాడు. తిరిల్‌తో చెప్పొద్దని చెల్లెలి చేత ఒట్టేయించుకుంది. ఆయన కూర్చునే వరసలోనే చివర మనం కూర్చుందాం, లేవాలంటే మనల్ని దాటుకుని రావాలి అంది. దాటుకుని వస్తే అని యోరున్ అడిగింది.

"నీ మోకాళ్ళు ఉన్నాయిగా. ముడవకు."

శుక్రవారం పొద్దున ఉపన్యాసం ఎలా జరిగిందో రాగ్నాకు సగమే తెలుసు. మంచినీళ్ళ గ్లాసునే చూస్తూ కూర్చుంది. కానీ వెనక వరసల్లో కుర్రవాళ్ళు రెండుసార్లు నవ్వారు. మొదటిసారి ఆమె భయపడింది, రెండోసారి అది మంచి నవ్వని అర్థమైంది. తిరిల్ ఇస్త్రీ చొక్కాలో నిటారుగా నిలబడి, చేతులు రెక్కల్లా తిప్పుతూ, "పక్షి గుర్తుపట్టింది" అంది. గుర్తించబడింది అనలేదు. ఒకసారి కాదు, ప్రతిసారీ పక్షి చూసింది, పక్షి లెక్కపెట్టింది, పక్షి మోసపోయింది. రాగ్నా యోరున్ డొక్కలో మోచేత్తో పొడిచింది. ఉపన్యాసం బాగుందని కమిటీ చెప్పాక వరండాలో తిరిల్ తల్లిని గట్టిగా వాటేసుకుంది. ఒళ్ళంతా కాలిపోతోంది. జ్వరమా అని రాగ్నా నుదురు తాకబోతే, కాదమ్మా, సంతోషం అంది.

మధ్యాహ్నం అందరూ లేచి నిలబడితే తలుపులోంచి డీన్ ముందు, వెనక తిరిల్, ఆ వెనక ప్రతివాదులు వరసగా నడిచొచ్చారు. చర్చిలోలాగే ఉంది. రాగ్నా కళ్ళు మాత్రం ఇంకోవైపున్నాయి. బ్రెక్కె వచ్చాడు. మధ్య వరసలో కూర్చున్నాడు. అక్కచెల్లెళ్ళు అదే వరస చివర సర్దుకున్నారు, యోరున్ మోకాళ్ళు ముందుకు చాపింది.

డెన్మార్క్ ఆయన పొట్టిగా, బట్టతలతో, మర్యాదగా ఉన్నాడు. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా మాటలు ఎవరి భాషలో వాళ్ళవే, ఇరుగుపొరుగు భాషలు కాబట్టి అందరికీ అర్థమవుతున్నాయి. మొదట పొగిడాడు. తర్వాత అడుగుతూ పోయాడు. తిరిల్ జవాబులు బంతుల్లా తిరిగి కొడుతోంది, రాగ్నాకు మాటలు అందకపోయినా ఆ ఊపు అందుతోంది. వెనక వరస కుర్రవాళ్ళు ముందుకు వంగారు. ఇంతలో ఆయన మూడో అధ్యాయం తెరిచాడు.

పక్కరాయి మగచేప దిక్కులేని గుడ్లను సాకుతుందన్న సంగతి ఈ పుస్తకంలో అన్నిటికన్నా అందమైనదని అన్నాడు. కానీ ఇది ప్రొఫెసర్ బ్రెక్కె ముందే ప్రచురించారు కదా, అయితే మీ అధ్యాయాన్ని ఆయన కనుక్కున్నదానికి ధ్రువీకరణ అనుకోవచ్చా అని అడిగాడు. అడగడంలో కొంచెం కూడా ద్వేషం లేదు. పుస్తకంలో ఏముందో అదే అడిగాడు.

తిరిల్ చేతులు కిందికి దిగి బల్ల అంచు పట్టుకున్నాయి.

"ఔను, ఆ ప్రవర్తన అంతకుముందే గమనించబడింది" అంది. గొంతు పుస్తకంలో గొంతు. "అలా అనుకోవచ్చు."

రాగ్నాకు రేవు చెక్క విరిగిన చప్పుడు వినపడినట్టయింది. అనుకోవచ్చు! తన పిల్ల నోటితోనే అనేసింది. కొన్ని తలలు బ్రెక్కె వైపు గౌరవంగా తిరిగాయి. ఆయన చిన్నగా తలూపాడు.

విరామం ఇస్తూ డీన్ చెప్పాల్సింది చెప్పింది: సభలోంచి ప్రశ్న వేయదలచినవాళ్ళు ఈలోగా నాకు పేరివ్వాలి. జనం కాఫీల కోసం లేచారు. బ్రెక్కె కూడా లేచాడు, యోరున్ మోకాళ్ళను క్షమించమంటూ దాటేశాడు, నేరుగా కిందికి దిగి డీన్ దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి మాట్లాడుకున్నారు. డీన్ గడియారం చూసి తలూపింది.

"ఇచ్చాడే" అంది రాగ్నా. "పేరిచ్చేశాడు."

యోరున్ ఏదో అనేలోగా ఆమె మెట్లు దిగుతోంది. ఏం చేయాలో తెలిసి కాదు. టైము ఎంతో ఉండదు కదా, ఇంకెవరైనా ముందు మాట్లాడితే ఆయనకు మిగలదేమో. పడవలో సీటు ఆపినట్టు ఆపాలి. అంతే ఆలోచన. బ్రెక్కె పక్కకు తప్పుకోగానే డీన్ ముందు నిలబడి, నా పేరు రాగ్నా, నేనూ అడుగుతాను అంది.

డీన్ కళ్ళద్దాలు సర్దుకుంది. చాలా ఏళ్ళుగా ఇలా ఎవరూ రాలేదని మొహమే చెబుతోంది. మీకు ప్రశ్న ఉందా అని మెల్లగా అడిగింది. ఉందండీ అంది రాగ్నా. లేదు.

స్వీడన్ ఆమె అడుగుతున్నంతసేపూ రాగ్నా ఒక ప్రశ్న కోసం వెతికింది. చేపలు నిద్రపోతాయా? ఇది చిన్నపిల్లలు అడిగేది. నీళ్ళు చల్లగా ఉంటాయా? ఛీ. చెమటతో బ్లౌజు వీపుకు అంటుకుపోయింది. యోరున్ చెవిలో, "నువ్వు నిజంగా ఇచ్చావా?" అని మూడోసారి అడిగింది. స్వీడన్ ఆమె కృతజ్ఞతలు చెప్పి కూర్చుంది.

డీన్ లేచింది. "సభలోంచి ప్రశ్నకు ఒకరు పేరిచ్చారు" అంది. "శ్రీమతి రాగ్నా."

ఒకరు.

రాగ్నా పక్కకు తిరిగి చూసింది. బ్రెక్కె అప్పటికే కోటు వేసుకుని, మెడకు స్కార్ఫ్ చుట్టుకుని, వెళ్ళడానికి సగం లేచి ఉన్నాడు. విరామంలో డీన్‌కు ఆయన చెప్పింది ఇదే: చివరిదాకా ఉండలేను, పడవ టైము. అంతే. ఇందాకటి 'అనుకోవచ్చు' విన్నాక ఆయనకు లేచి అడగాల్సింది ఏముంది? ఒకరు మాట్లాడుతుండగా వెళ్ళడం పద్ధతి కాదు గనుక, కోటుతోనే మళ్ళీ కూర్చున్నాడు.

ఈ లోకంలో తిరిల్‌కు ఎదురు నిలబడ్డది ఇక ఒక్కతే, తల్లి. ఇన్నాళ్ళూ ఏ కీడు గురించి భయపడిందో అది తన కాళ్ళతోనే నడిచి వచ్చి నిలుచుంది. లేచింది. కింద, అంత దూరంలో తిరిల్ మొహం తెల్లగా కనపడింది. అమ్మా ఏంటిది అంటున్నాయి కళ్ళు.

ప్రశ్న అభ్యర్థిని ఉద్దేశించి అడగండి అంది డీన్.

"మీరు" అంది రాగ్నా. పుట్టాక కూతుర్ని మీరు అనడం అదే మొదటిసారి. ఎవరో కిసుక్కుమన్నారు. "మీరు మూడో అధ్యాయంలో రాశారు కదండీ. గమనించబడింది అని."

వెతికిన ప్రశ్నల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. మంగళవారం ఇస్త్రీ చేస్తున్నప్పట్నుంచి నాలుక మీద ఉన్నదొక్కటే మిగిలింది, అదే బయటికొచ్చింది.

"ఎవరు చూశారు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. డెన్మార్క్ ఆయన తలెత్తాడు. తిరిల్ తల్లినే చూస్తూ నిలబడింది. బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటిగా వదులయ్యాయి.

"నేను చూశాను" అంది తిరిల్.

మళ్ళీ అంది, ఈసారి హాలంతటికీ.

"నేను చూశాను. మొదటి వసంతంలో, మా ఇంటి రేవు మీద బోర్లా పడుకుని. నీటికుక్క వచ్చిపోయిన మర్నాడు. అప్పటికి ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. ఆ వేసవిలో ప్రొఫెసర్ బ్రెక్కె వచ్చినప్పుడు ఆయనకు చెప్పింది నేనే." చేతులు లేచాయి, గాల్లో రెండు రాళ్ళు గీశాయి, వాటి మధ్య ఈదాయి. "ఇలా వచ్చింది. ఇలా ఆగి, నీళ్ళూదింది. నా అధ్యాయం దేనికీ ధ్రువీకరణ కాదు. ఇందాక నేను తప్పు చెప్పాను. మొదలు ఆ రేవు మీదే."

డెన్మార్క్ ఆయన డీన్ అనుమతి అడిగి, తనకు ఇంకొక్క చిన్న ప్రశ్న ఉందన్నాడు. అప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారా అన్నాడు.

"ఒకరున్నారు. కానీ ఆవిడ చేపను చూడలేదు." తిరిల్ పైవరస వైపు చూసింది. "నేను నీళ్ళలో పడిపోతానని, నా కాళ్ళు పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. మూడేళ్ళూ అంతే. ఇప్పుడు ప్రశ్న అడిగింది ఆవిడే."

హాలంతా గొల్లున నవ్వింది. వెనక వరస కుర్రవాళ్ళు కాళ్ళతో నేల మీద దరువేశారు. ఆ గోలలోనే డెన్మార్క్ ఆయన తన పుస్తకం మీదికి వంగి, పెన్సిల్‌తో ఒక మాటను అడ్డంగా కొట్టేసి, పైన ఏదో రాశాడు. బ్రెక్కె ఒళ్ళో ఉన్న చేతితొడుగుల్ని చూసుకుంటున్నాడు. పడవ టైము దాటిపోతోంది, ఆయన లేవలేదు. సభలోంచి ప్రశ్న నడుస్తున్నంతసేపూ లేవడం పద్ధతి కాదు మరి.

రాగ్నా కూర్చుంది. ఆ తర్వాత డీన్ ఏమన్నదో, కమిటీ ఏ తలుపులోంచి లోపలికెళ్ళిందో ఆమెకు తెలియలేదు. కింద తన పిల్ల చుట్టూ జనం, ఆ మధ్యలో రెక్కల్లా రెండు చేతులు. డెన్మార్క్ ఆయన ఏదో అడుగుతుంటే తిరిల్ నేల మీదే బోర్లా పడుకోబోతున్నట్టు వంగి చూపిస్తోంది.

"అక్కా" అంది యోరున్.

రాగ్నా వినలేదు.

"అక్కా, నా చెయ్యి."

అప్పుడు చూసుకుంది. చెల్లెలి మణికట్టును రెండు చేతుల్తో పట్టుకుని ఉంది, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

"వదిలెయ్" అంది యోరున్. "ఇక పడదులే."